ముప్పై శాతం తగ్గింపు

గోనెసంచుల శాఖ జిల్లా కార్యాలయానికి ఆ ఉత్తర్వు డిసెంబరు రెండో వారంలో వచ్చింది. పుటలు ఏడు. విషయం అన్నచోట 'కార్యాలయ పనిప్రక్రియల పర్యావరణ సుస్థిరత మదింపు మరియు మెరుగుదల' అని ఉంది. సారం మాత్రం పోస్టుకార్డు మీద పట్టేంతే. ప్రతి జిల్లా కార్యాలయమూ నీళ్లు, కరెంటు, కాగితం ఎంత వాడుతోందో, చెత్త ఎంత పారబోస్తోందో జనవరి నుంచి మార్చి దాకా కొలిచి రాసుకోవాలి. ఆ మూడు నెలలకూ ఆధార త్రైమాసికమని పేరు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అందులో ముప్పై శాతం తగ్గించి చూపాలి. తగ్గించినవాళ్లకు హరిత కార్యాలయం షీల్డు. తగ్గించలేనివాళ్లకు సంజాయిషీ నోటీసు.

ఉత్తర్వు వెనకే రాజధాని నుంచి నిఖిల్ అనే సలహాదారు వచ్చాడు. తెల్లబూట్లు, మెడలో గుర్తింపు కార్డు, చంకలో ల్యాప్‌టాప్. వారం రోజులు ఆఫీసంతా తిరిగాడు. బోరుకు మీటరు పెట్టించాడు. ట్యూబులైట్లు లెక్కపెట్టాడు. ఆఫీసు చెత్తనంతా ఒక సంచిలో పోయించి, సంచులు తూచే కాటా మీద పెట్టించాడు. ముల్లు కదల్లేదు. చివరికి బజారులో బంగారం కొట్టుకు పంపి తూయించుకొచ్చారు. వారం చెత్త మూడువందల ఎనభై గ్రాములు.

ఈ తూకాన్ని గుమ్మం పక్కన నిలబడి చూసిన మనిషి ఓబుళమ్మ. ఆ ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా పార్ట్‌టైం స్వీపరు. నలభై అయిదేళ్లుంటాయి. ఐదో తరగతి దాకా చదివింది. ఆఫీసు ప్రహరీగోడ వెనక ఉన్న వీధిలో కాపురం. తను ఊడ్చిన చెత్తను దొంగసొత్తులాగా అటూ ఇటూ తిప్పి తూయడం చూస్తే ఆమెకు కొంచెం సిగ్గనిపించింది. ఇంకాస్త శుభ్రంగా ఊడ్చి ఉండవలసిందేమో అనుకుంది.

మర్నాడు డిప్యూటీ డైరెక్టరు సుధీంద్రరావు గారి గదిలో సమావేశం. సుధీంద్రరావు గారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ పైవాళ్ల మాట వింటున్నట్టు మెడ ముందుకు వంచి ఉంటారు. జాయింటు డైరెక్టరు పదవికి ఆయన పేరు పరిశీలనలో ఉన్నదని ఆయనే అందరికీ చెప్తుంటారు. ఓబుళమ్మ టీగ్లాసులు పట్టుకుని గోడవారగా నిలబడింది.

"సార్, మీ కార్యాలయంలో ఒక తీవ్రమైన సమస్య ఉంది," అన్నాడు నిఖిల్.

"ఏమిటది?"

"తగ్గించడానికి ఏమీ లేదు."

సుధీంద్రరావు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

నిఖిల్ వివరించాడు. మోటారు రోజుకు ఒక్క గంట. కాగితం మూడు నెలలకు రెండు కట్టలు. ఎవరూ లేని గదిలో లైటు వెలగడం వారం మొత్తంలో ఒక్కసారి కూడా చూడలేదు. ఇట్లాంటి ఆఫీసును ఆధారంగా తీసుకుంటే ముప్పై శాతం తగ్గించడం మానవమాత్రులకు సాధ్యం కాదు.

"పక్క జిల్లా వాళ్ల సంగతేమిటి?" అన్నారు సుధీంద్రరావు గారు.

"వాళ్లు చాలా మంచి స్థితిలో ఉన్నారు సార్. వాళ్ల కొళాయిలు మూడేళ్లుగా కారుతున్నాయి. ఒక్క వాషరు మార్చితే నలభై శాతం వచ్చేస్తుంది."

సుధీంద్రరావు గారి ముఖం నల్లబడింది. సూపరింటెండెంటు మస్తాన్‌వలి వైపు తిరిగారు. "మన కార్యాలయంలో ఈ పొదుపు ఎవరి అనుమతితో జరుగుతోంది?"

మస్తాన్‌వలి మెత్తని మనిషి. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవరి మీదా ఏ నేరమూ మోపి ఎరగడు. "అనుమతంటూ లేదు సార్. ఓబుళమ్మ చేస్తాది. తొట్టి నిండేముందు పైపు గురక పెడుతుందంట, అది విని మోటారు ఆపుతాది. మనం లేచి పోతే ఫాన్లు ఆపుతాది. పాత కవర్లు తిప్పి అతికించి ఇస్తాది. చిరిగిన సంచులతోనే నేల తుడుస్తాది. టీపొడి కరివేపాకు చెట్టుకు వేస్తాది."

"ఎన్నాళ్లుగా?"

"పద్దెనిమిదేళ్లుగా సార్."

"పద్దెనిమిదేళ్లుగా శాఖకు తెలియకుండా," అని సుధీంద్రరావు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఓబుళమ్మ గోడకు ఇంకాస్త ఒదిగి నిలబడింది.

దారి నిఖిలే చూపించాడు. ఆధార త్రైమాసికం ఇంకా మొదలు కాలేదు. మొదలయ్యాక మూడు నెలలు నడుస్తుంది. ఆ మూడు నెలలూ అందరూ కష్టపడి వాడకం పెంచితే ఏప్రిల్లో తగ్గించడానికి కావలసినంత చేతికొస్తుంది.

"అంటే పర్యావరణాన్ని కాపాడటం కోసం," అన్నారు సుధీంద్రరావు గారు మెల్లగా, ఆ మాటల బరువు తామే మోస్తున్నట్టు, "కొంతకాలం పర్యావరణం సహకరించాలి."

జనవరి ఒకటో తేదీ నుంచి గోనెసంచుల శాఖలో ఎన్నడూ లేని పనితనం కనిపించింది. ఫాన్లు, లైట్లు పొద్దున తొమ్మిదికి వేస్తే సాయంత్రం దాకా ఆపకూడదని ఉత్తర్వు. ప్రతి కాగితమూ ఐదు ప్రతులు అచ్చు తీయాలి. వారానికల్లా అచ్చు వేయడానికి విషయం అయిపోయింది. అప్పుడు ఖాళీ పుటలకే పేజీ నంబర్లు వేసి తీయసాగారు. సీనియర్ అసిస్టెంటు విరూపాక్షి ఒక్కరోజులో నాలుగువందల ఖాళీ పుటలు తీసి, అన్నిటి మీదా సంతకం పెట్టి, మెచ్చుకోలు పత్రం అందుకున్నాడు.

చెత్త దగ్గర చిక్కొచ్చింది. పద్నాలుగు మంది ఉద్యోగులు ఎంత ప్రయత్నించినా రోజుకు రెండు కిలోలు మించి చేయలేకపోయారు. శాఖ చేతిలో ఉన్నవి సంచులే కాబట్టి బస్టాండు దగ్గరి హోటలు నుంచి విస్తరాకులు సంచుల్లో తెప్పించి, కాటా వేసి, రిజిస్టరులో ఎక్కించి, మళ్లీ హోటలు వెనకే పారబోయించారు. రాకపోకలకు ఆటో. ఆటో పొగ కూడా వాడకం కిందకే వస్తుందని నిఖిల్ చెప్పాక, అదే చెత్తను రెండేసి సార్లు తిప్పారు.

నీళ్ల విషయం మాత్రం సులభం. మోటారు పొద్దున వేసి సాయంత్రం ఆపడమే. తొట్టి పొంగి, ఆవరణ నిండి, గేటు దాటి రోడ్డు మీదకు పారింది. ఫిబ్రవరికల్లా ఆఫీసు ముందు చిన్న మడుగు కట్టింది. ఎక్కణ్ణుంచో రెండు కొంగలు వచ్చి వాలాయి. నిఖిల్ వాటిని ఫొటో తీసుకుని 'జీవవైవిధ్యంలో వృద్ధి: రెండు' అని రాసుకున్నాడు.

ఇక్కడ ఆ బోరు సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందట ఆఫీసు కట్టినప్పుడు ఆవరణలో మూడుచోట్ల తవ్వినా చుక్క పడలేదు. నీళ్లున్న చోటు ఆవరణ బయట, వెనక వీధివాళ్లు గేదెలు కట్టేసుకునే జాగాలో తేలింది. వీధివాళ్లు ఇరవై రెండు ఇళ్లవాళ్లూ కూర్చుని మాట్లాడుకుని ఆ జాగా ఇచ్చారు. ప్రహరీ దానిచుట్టూ తిప్పి కట్టారు. ఇచ్చినందుకు వాళ్లు అడిగింది ఒక్కటే. గోడలోంచి ఒక పైపు బయటికి వదలాలి, రోజూ పొద్దున అరగంట నీళ్లు రావాలి. అప్పటి అధికారి సరేనన్నాడు. వచ్చిన అధికారి ప్రతివాడూ సరేననే అన్నాడు. ఆ వీధికి వేరే నీళ్లు లేవు. మునిసిపాలిటీ కొళాయి రైలుగేటు అవతల ఉంది. పోను ఒక గంట, రాను ఒక గంట.

జనవరిలో వీధివాళ్లకు పండగే అయింది. పైపు రోజంతా వస్తోంది. బొంతలు ఉతుక్కున్నారు, గేదెల్ని కడిగారు.

"మీ సారు దేవుడే అక్కా," అంది పక్కింటి కుళ్లాయమ్మ, మోకాళ్ల దాకా చీర ఎగ్గట్టి. "యాల ఇంత దయ పుట్టిందో ఏమో గానీ."

"దయ కాదు మే, లెక్క," అంది ఓబుళమ్మ. "ఊరికే పారబోయమని పైనుంచి కాగితం వచ్చిందంట."

"నీళ్లు పారబోయమని కాగితమా? నువ్వు చదివినావా?"

"చదివినాను. పొదుపు చేసేదానికే అంట."

కుళ్లాయమ్మ ఆమె ముఖంలోకి చూసి, ఎండదెబ్బ తగిలిందేమోనని తలకు ఇంత నూనె పెట్టుకోమని చెప్పింది.

ఫిబ్రవరి నెల సగమయ్యేసరికి ఓబుళమ్మకు బోరు చప్పుడు తేడాగా వినిపించింది. పద్దెనిమిదేళ్లు విన్న చప్పుడు. ఇదివరకు నిండుగా పోసేది, ఇప్పుడు మధ్యమధ్య ఊపిరి అందనట్టు ఆగి దగ్గుతోంది. ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ చూడకుండా పోయి మోటారు ఆపేసింది. గంట తర్వాత విరూపాక్షి మీటరు చూడ్డానికి వచ్చి పట్టుకున్నాడు. సాయంత్రానికి మెమో తయారైంది. ఐదు ప్రతులు. మస్తాన్‌వలి ఆమెను కూర్చోబెట్టి చదివి వినిపించాడు.

"తేదీ పద్దెనిమిది రెండున మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు పార్ట్‌టైం స్వీపరు శ్రీమతి ఓబుళమ్మ, పై అధికారుల ముందస్తు అనుమతి లేకుండా మోటారును ఆపివేయుట వలన ఆధార వినియోగమునందు సుమారు పన్నెండు వేల లీటర్ల కొరత ఏర్పడినది. ఇది శాఖ యొక్క పర్యావరణ లక్ష్యములకు విఘాతము. ఇట్టి పొదుపు పునరావృతమైనచో తమ సేవలు ఏల నిలిపివేయరాదో మూడు దినములలోగా తెలుపవలసినది."

"దీనికి నేనేం చెప్పాల సార్?"

"తెలియక పొదుపు చేసినాను, ఇకమీదట చేయనని రాయి."

"సార్, బోరు దగ్గుతా ఉంది. నీళ్లు కిందికి పోయినాయి. ఇట్లనే పోతే ఎండలకాలానికి మా ఇండ్లకు చుక్క దొరకదు."

మస్తాన్‌వలి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నాకు మాత్రం తెలీదా ఓబుళమ్మా. సారుకు చెప్పినా. మీటరులో పోయిన నెలకన్నా ఎక్కువ నీళ్లు చూపిస్తోంది, కాబట్టి నీళ్లు పెరిగినట్టే అన్నారు. ఆ పిల్లోడు దానికి గీత కూడా గీసినాడు. పైకి పోతా ఉంది గీత."

"గీత పైకి పోతే నీళ్లు కిందికి పోతాయి గదా సార్."

"అది నువ్వు రాయద్దు," అని పెన్ను ఆమె చేతికిచ్చాడు మస్తాన్‌వలి. "పొదుపు చేయననేది ఒక్కటే రాయి."

ఓబుళమ్మ రాసిచ్చింది. ఆ వాక్యం ఆమె జీవితంలో ఆఫీసుకు రాసిన మొదటి వాక్యం. అక్షరాలు గుండ్రంగా, ఒక్క తప్పు లేకుండా ఉన్నాయి.

ఏప్రిల్ ఒకటో తేదీన ఫాన్లు ఆగాయి, లైట్లు ఆరాయి, హోటలు విస్తరాకులు హోటల్లోనే ఉండిపోయాయి. మోటారు మళ్లీ గంటకు దిగింది. ఏమీ చేయకుండానే ఎనభై శాతం తగ్గింది. సుధీంద్రరావు గారు మిఠాయి పంచారు. ఆ సంతోషం మూడు రోజులే. పక్క జిల్లా వాళ్లు ఎనభై ఎనిమిది చూపించారని ఫోనొచ్చింది. ఆధార త్రైమాసికంలో వాళ్లు ఫైరింజను పిలిపించుకున్నారట.

"ఇంకా ఎక్కడైనా దొరుకుతుందేమో చూడు," అన్నారు సుధీంద్రరావు గారు నిఖిల్‌తో.

నిఖిల్ ఆవరణ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, గోడలోంచి బయటికి పోయే పైపు ముందు ఆగిపోయాడు. "సార్, ఇదేమిటి? ఉన్న గంటలో సగం ఇక్కడికే పోతోంది. ఇది అనధికార బాహ్య వినియోగం."

మర్నాడు ఒక ప్లంబరు వచ్చాడు. ఓబుళమ్మ చీపురు కింద పడేసి సుధీంద్రరావు గారి గదిలోకి పోయింది. పిలవకుండా ఆ గదిలోకి పోవడం ఆమెకదే మొదలు.

"సార్, ఆ పైపు మూయద్దండి. బోరున్న జాగా మా వీధోళ్లు ఇచ్చినారు. నీళ్లు వదులుతామన్న మాట మీదనే ఇచ్చినారు."

"ఆ మాటకు ఫైలు నంబరుందా?"

"అందరికీ తెలుసు సార్. ముప్పై ఏండ్ల సంది."

"అందరికీ తెలిసిన విషయానికి రికార్డు ఉండదమ్మా. రికార్డు లేని విషయం నాకు తెలిసే అవకాశం లేదు." సుధీంద్రరావు గారు దయగానే మాట్లాడారు. "ఇదంతా ఎవరి కోసం? రేపటి తరాల కోసం. మీ వీధిలో పిల్లలు లేరా?"

"ఉండారు సార్."

"వాళ్ల పిల్లల కోసం. నువ్వు వెళ్లి వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పు."

ఓబుళమ్మ వెళ్లి చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ రాలేదు. ప్లంబరు పైపుకు బిరడా బిగించి సిమెంటు పూసే చప్పుడు వీధంతా వింది. మర్నాటి నుంచి ఇరవై రెండు ఇళ్ల ఆడవాళ్లు రైలుగేటు దాటి పోయి వచ్చేవాళ్లు. పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు. మధ్యలో గేటు పడితే ఎండలో నిలబడేవాళ్లు.

"మీ ఆఫీసులో మనిషివి నువ్వుండావనే గదా మేం ఊరికే ఉన్నింది," అంది కుళ్లాయమ్మ ఒకరోజు, బిందె దించుతూ. "ఊడ్చేదానివి నువ్వే, మోటారేసేదానివి నువ్వే. ఒక బిరడా ఆపలేకపోతివి."

ఓబుళమ్మ తన బిందెలో నీళ్లు సగం కుళ్లాయమ్మ అత్తకు పోసింది. ఆ ముసలామె కాళ్లు పడిపోయి మంచం మీదుంది, ఎండలకు నాలుక పిడచకట్టుకుని రోజంతా నీళ్లే అడిగేది.

మే నెల మొదటివారంలో మోటారు వేస్తే గాలి వచ్చింది. రెండోరోజూ గాలే. బోరు ఎండిపోయింది.

ఆ కబురు ఆఫీసులో ఒక అరగంట దిగులు పుట్టించింది. ఆ అరగంటా నిఖిల్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఏదో కొట్టుకున్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. "సార్. వంద శాతం."

"ఏది వంద?"

"నీటి తగ్గింపు సార్. ఈ నెల మన కార్యాలయ వినియోగం సున్నా. రాష్ట్రంలో ఇంకెవరూ సున్నాకు చేరలేరు. వాళ్ల బోర్లలో నీళ్లున్నాయి."

సుధీంద్రరావు గారు ఎండిన బోరును కిటికీలోంచి కాసేపు గౌరవంగా చూశారు. ఆ సాయంత్రమే నివేదిక పోయింది. పది రోజుల్లో జవాబు వచ్చింది. రాష్ట్రంలో మొట్టమొదటి సున్నా నీటి కార్యాలయాన్ని కళ్లారా చూసి షీల్డు స్వయంగా అందజేయడానికి కమిషనరు గారు వస్తున్నారు.

వచ్చే ఏడాదికి మళ్లీ ముప్పై శాతం తగ్గించాలని అదే కవరులో ఇంకో కాగితముంది. సున్నాలో ముప్పై శాతం సున్నాయే కాబట్టి 'ముందుగానే సాధించబడినది' అని నిఖిల్ అప్పటికప్పుడే రాసి పెట్టాడు.

అసలు కష్టం కమిషనరు గారు రావడంతో మొదలైంది. ఆమె వెంట ఇరవై మంది వస్తారు. భోజనాలున్నాయి, చేతులు కడగాలి, మరుగుదొడ్లున్నాయి. ఆ ఒక్కరోజుకు ట్యాంకరు చెప్పించక తప్పలేదు. అయితే సున్నా నీటి కార్యాలయం ముందు నీళ్ల ట్యాంకరు కనిపించకూడదు.

"వెనక వీధిలో నిలబెట్టండి," అన్నారు సుధీంద్రరావు గారు. "గోడ మీదుగా పైపు వేసి మన తొట్టిలోకి ఎక్కించండి. ఓబుళమ్మ అక్కడ నిలబడి చూసుకుంటుంది."

"ట్యాంకరు వాళ్ల చీటీలో పేరు రాయాల సార్," అన్నాడు మస్తాన్‌వలి. "ఎక్కడికి, ఎవరికి అని. రాయకుంటే పోయరు."

"మన కార్యాలయం పేరు ఎక్కడా ఉండకూడదు. ఒక్క అక్షరం కూడా. ఏదో ఒకటి రాయండి."

మస్తాన్‌వలి ఆలోచించాడు. తర్వాత అబద్ధం కానిదే రాశాడు.

ఆ రోజు పొద్దున ఎనిమిది గంటలకు ట్యాంకరు వెనక వీధిలోకి వచ్చి ఆగింది. ఆడవాళ్లు అప్పుడే రైలుగేటుకు బయలుదేరబోతూ బిందెలతో నిలబడి ఉన్నారు. అందరూ ట్యాంకరునే చూశారు. అడుగునుంచి కారే చుక్కల్ని ఒక కోడి తాగుతోంది. గోడ మీద ఆఫీసు పైపు వేలాడుతోంది. ఓబుళమ్మ దాని పక్కన నిలబడి ఉంది.

డ్రైవరు దిగి చీటీ చూసి, "ఓబుళమ్మంటే ఎవరమ్మా?" అన్నాడు.

"నేనేనప్పా. ఏమి?"

"నీ పేరే ఉంది. సంతకం పెట్టు."

ఓబుళమ్మ చీటీ తీసుకుని చదివింది. మెల్లగా, వేలు పెట్టి చదివింది. 'చేరవలసిన చోటు: గోడ వెనక వీధి. తీసుకొనువారు: ఓబుళమ్మ.' కింద మస్తాన్‌వలి సంతకం, ఆఫీసు ముద్ర లేకుండా. ఇంకేమీ లేదు. తిప్పి వెనక్కూడా చూసింది.

"యాడ పొయ్యమంటావు తొందరగా చెప్పు. నేనింకో ట్రిప్పు పోవాల," అన్నాడు డ్రైవరు.

ఓబుళమ్మ గోడ మీది పైపును చూసింది. మెమో గుర్తొచ్చింది. మూడు దినములు, సేవలు నిలిపివేత. ఇంట్లో నడిచేది ఆ జీతంతోనే. తర్వాత ఆడవాళ్ల వైపు చూసింది. కుళ్లాయమ్మ ఆమెనే చూస్తోంది. చంకలో బిందె ఈ పక్క నుంచి ఆ పక్కకు మార్చుకుంది, అంతే.

ఓబుళమ్మ చీటీ మీద సంతకం పెట్టింది.

"బిందెల్లో పొయ్యప్పా," అంది. "ముందు ఆ మంచంలో ఉండే అవ్వ ఇంటికి."

షీల్డు ప్రదానం ముందు గదిలో జరిగింది. కమిషనరు గారు సుస్థిరత గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. సుధీంద్రరావు గారు 'సున్నాయే సంపూర్ణం' అని పద్యంలాగా చదివారు. తర్వాత కమిషనరు గారు చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లారు. వెంటనే బయటికి వచ్చారు.

"నీళ్లు రావడం లేదే."

సుధీంద్రరావు గారు మస్తాన్‌వలి వైపు చూశారు. మస్తాన్‌వలి పైకప్పు వైపు చూశాడు. వెనక వీధిలోంచి బిందెల చప్పుడూ ఆడవాళ్ల నవ్వులూ వినిపిస్తున్నాయి.

"అవును మేడం," అన్నారు సుధీంద్రరావు గారు, మెడ ఇంకాస్త వంచి. "సున్నా."

"పూర్తిగానా?"

"పూర్తిగా మేడం. అధికారులకు కూడా."

కమిషనరు గారు చేతిరుమాలుతో వేళ్లు తుడుచుకున్నారు. ఆమె ముఖంలో కోపం వస్తుందో భక్తి వస్తుందో ఒక క్షణం ఎవరికీ తెలియలేదు. అంతలో ఆ నవ్వులు విని వెనక వసారాలోకి నడిచారు. అక్కణ్ణుంచి గోడ మీదుగా ట్యాంకరు తల కనిపిస్తోంది. "అదేమిటి?"

కమిషనరు గారి మనిషి ఒకడు పరుగున పోయి డ్రైవరు దగ్గర చీటీ తెచ్చాడు. ఆమె చదివి, "మస్తాన్‌వలి ఎవరు?" అన్నారు.

"మా సూపరింటెండెంటు మేడం," అన్నారు సుధీంద్రరావు గారు. "మేము సున్నాకు దిగాం గనక, ఆ మిగులును సమాజానికి తిరిగి ఇస్తున్నాం. ప్రచారం వద్దని కార్యాలయం పేరు కూడా వేయలేదు."

ఎండిన బోరులో మిగులు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. నిఖిల్ అప్పటికే రాసుకుంటున్నాడు. కమిషనరు గారి కళ్లు చెమ్మగిల్లాయి. ఆఫీసు మొత్తం మీద ఆ రోజు కనిపించిన తడి అదొక్కటే.

"ఇది ఒక్కరోజుతో ఆగడానికి వీల్లేదు," అన్నారామె. "రోజూ రావాలి. నేను వెళ్లగానే మంజూరు పంపుతాను. రోజూ లబ్ధిదారుల ఫొటో నాకు చేరాలి. లబ్ధిదారుల సంఖ్య ప్రతినెలా పెరగాలి. ముప్పై శాతం చొప్పున."

మంజూరు వచ్చింది. ట్యాంకరు రోజూ ఎనిమిదికి వెనక వీధిలో ఆగుతోంది. చీటీలో అవే రెండు పంక్తులు, మస్తాన్‌వలి చేతిరాతలో. తీసుకొనేది ఓబుళమ్మే కాబట్టి ఆమె సేవలు నిలిపివేయడం కుదరదని ఆఫీసుకు అర్థమైంది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. వీధివాళ్లు అన్నారు గానీ అవి పొగడ్తలు.

ఆఫీసులో మాత్రం నీళ్లు లేవు. సున్నా అని షీల్డు మీద చెక్కి ఉంది కాబట్టి తెప్పించుకోవడానికీ లేదు. ఉద్యోగులు వారం రోజులు ఇళ్ల నుంచి సీసాలు తెచ్చుకున్నారు. తర్వాత విరూపాక్షి ఒక బకెట్టు పట్టుకుని వెనక వీధి వరసలో చివర నిలబడ్డాడు. మర్నాడు ఇంకో నలుగురు.

జూన్ ఆఖరుకు లబ్ధిదారుల ఇళ్లు ఇరవై రెండు నుంచి ఇరవై తొమ్మిది కావాలి. వీధిలో ఉన్నవి ఇరవై రెండే. మస్తాన్‌వలి బకెట్లతో నిలబడ్డ తోటి ఉద్యోగుల్ని ఒక్కొక్కరినీ ఒక్కో ఇంటి కింద చూపి ఇరవై ఎనిమిది దాకా లాక్కొచ్చాడు. తనను కూడా కలుపుకున్నాడు. సీసాలతో సరిపెట్టుకుంటున్న మిగతావాళ్లు ఫొటోకు రామన్నారు. ఇంకొకరు తక్కువయ్యారు.

నెలాఖరు రోజున ఎనిమిదింబావుకు సుధీంద్రరావు గారు వెనక వీధిలోకి వచ్చారు. చేతిలో నీలిరంగు బకెట్టు, తల మీదుగా ముఖం మీదికి కప్పుకున్న తువ్వాలు. ఎవరితోనూ మాట్లాడకుండా పోయి వరస చివర నిలబడ్డారు. ఆడవాళ్లు ఆయన వైపు ఒకసారి చూసి మళ్లీ ఎవరి మాటల్లో వాళ్లు పడ్డారు. వరస మెల్లగా జరిగింది. ఆయన బకెట్టు ముందుకొచ్చింది.

ఓబుళమ్మ పైపు పట్టుకుని నిలబడింది. ఎదురుగా నిఖిల్ కెమెరా కంటికి ఆనించుకుని ఉన్నాడు.

"సార్," అంది ఆమె, ఎవరితోనైనా అన్నట్టే మెత్తగా, "ఆ తువ్వాలు తియ్యండి. ముఖం కనపడకుంటే లెక్కకు రాదంట."